త్రీనాట్‌త్రీ పుట్టుమచ్చలు

పాత సైనిక రైఫిల్ చేతికొస్తే దాన్ని బాగుచేయడం రెండో పని. అసలు అదేమిటో తేల్చుకోవడం మొదటి పని. ఎక్కడ తయారైంది, ఏ ఏట, ఏ తూటా కోసం, ఏ సైన్యంలో పనిచేసింది, ఎన్నిసార్లు మరమ్మతుకు వెళ్లి వచ్చింది? వీటిలో చాలా ప్రశ్నలకు జవాబు ఆ ఇనుము మీద, ఆ కర్ర మీదే ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాసినట్టు సైన్యాలు తమ ఆయుధాల ఒంటినిండా గుర్తులు కొట్టుకున్నాయి. వాటిని చదవకుండానే గరుకు కాగితం అందుకున్నవాళ్లు తుప్పుతో పాటు ఆ గుర్తులనూ గీకి పారేశారు. పాత రైఫిళ్లకు యుద్ధాలు చేసిన నష్టం కంటే ఉత్సాహవంతులు చేసిన నష్టమే ఎక్కువని సేకర్తలు వాపోయేది అందుకే.

సైన్యాలు వాడి వదిలించుకున్న రైఫిళ్లలో లీ-ఎన్‌ఫీల్డ్ అంతగా ప్రపంచం చుట్టినవి అరుదు. అన్ని రకాలూ కలిపి కోటీ డెబ్బై లక్షల దాకా తయారై ఉంటాయని అంచనా. తెలుగువాళ్లు దాని పేరెత్తరు, తూటా కొలతతోనే ‘త్రీనాట్‌త్రీ’ అంటారు. స్టేషన్ ముందు సెంట్రీ చేతిలో, ఎన్‌సీసీ పరేడ్‌లో, ఎన్నికల బందోబస్తులో మూడు తరాలు చూసిన పొడవాటి కర్ర తుపాకీ ఇదే. 2008 నవంబరులో ముంబై సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకే రైఫిళ్లతో దిగిన ఉగ్రవాదుల ఎదుట కొందరు పోలీసుల చేతుల్లో ఉన్నదీ ఇదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో దీనికి వీడ్కోలు చెప్పారు. ఒక ఆయుధం నూరేళ్లకు పైగా కొలువులో ఉంటే దాని మీద ఎన్ని చేతులు పడతాయో, ఎన్ని గుర్తులు పేరుకుంటాయో ఊహించుకోవచ్చు. పాత రైఫిల్‌ను గుర్తుపట్టే విద్య నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

లీ బోల్టు, ఎన్‌ఫీల్డ్ గొట్టం

పేరులో ఉన్న లీ ఒక మనిషి, ఎన్‌ఫీల్డ్ ఒక ఊరు. జేమ్స్ పారిస్ లీ 1831లో స్కాట్లండ్‌లోని హాయిక్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో స్థిరపడ్డాడు. తూటాలు నిలువుగా పేర్చుకునే పెట్టె మ్యాగజైన్, వెనుక భాగంలో బిగుసుకునే బోల్టు అతని ఆలోచనలు. బోల్టు వెనుక బిగుసుకోవడం వల్ల అది వెనక్కీ ముందుకీ పోవాల్సిన దూరం తగ్గింది. గురి మీదినుంచి కన్ను తీయకుండానే మరో తూటా ఎక్కించవచ్చు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు బ్రిటిష్ సిపాయి నిమిషానికి 15 తూటాలు గురిచూసి కాల్చేలా తర్ఫీదు పొందాడంటే ఆ ఘనతలో సగం ఈ బోల్టుదే.

1888లో బ్రిటిష్ సైన్యం తీసుకున్నది లీ-మెట్‌ఫర్డ్. గొట్టం లోపల విలియం మెట్‌ఫర్డ్ వేయించిన గాడులు లోతు తక్కువ, అంచులు గుండ్రం. నల్లమందు పొగచూరు పేరుకోకుండా ఉండటానికి అలా చేశారు. తర్వాత కార్డైట్ అనే పొగలేని మందు వచ్చింది. దాని వేడికి ఆ లోతులేని గాడులు త్వరగా అరిగిపోయాయి. లండన్ దగ్గరి ఎన్‌ఫీల్డ్ కార్ఖానా లోతుగా, చదరపు అంచులతో ఐదు గాడులు వేసింది. 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ అలా పుట్టింది. దక్షిణాఫ్రికా యుద్ధంలో బోయర్లు మౌజర్ రైఫిళ్లలో ఐదేసి తూటాలు క్లిప్పుతో ఒక్కసారిగా నింపుకుంటుంటే బ్రిటిష్ సిపాయిలు ఒక్కొక్కటే ఎక్కించుకుంటూ దెబ్బతిన్నారు. ఆ యుద్ధం ముగిశాక గుర్రపుదళానికీ కాల్బలానికీ ఒకే పొట్టి రైఫిల్ చాలని నిర్ణయించారు. దాన్ని సరిదిద్దుతూ పోయి 1907 జనవరిలో మార్క్ 3 దగ్గర ఆగారు. మొత్తం పొడవు 44.5 అంగుళాలు, గొట్టం 25.2 అంగుళాలు, బరువు నాలుగు కిలోలకు కాస్త తక్కువ, మ్యాగజైన్‌లో 10 తూటాలు. మన కళ్లు ఎరిగిన త్రీనాట్‌త్రీ రూపం ఇదే. గొట్టం చివరిదాకా కర్ర, దాని కొసన మొద్దుముక్కులాంటి ఇనుప తొడుగు.

ఆ రూపం గుర్తుంటే పెద్ద తికమక ఒకటి తీరిపోతుంది. గొట్టం కొస కర్రలోంచి కొంచెం బయటికి పొడుచుకొని ఉంటే అది రెండో ప్రపంచయుద్ధకాలపు నంబర్ 4. పొట్టిగా ఉండి, గొట్టం చివర గరాటాలాంటి తొడుగు ఉంటే 1944లో వచ్చిన నంబర్ 5, వాడుకలో జంగిల్ కార్బైన్. మొద్దుముక్కుదానికి ‘నంబర్ 1’ అన్న పేరు 1926లో పెట్టారు. అంతకుముందు తయారైనవాటి మీద ఆ మాట కోసం వెతకడం దండగ.

హుగ్లీ ఒడ్డు కార్ఖానా

మన దేశంలో కనిపించే త్రీనాట్‌త్రీలలో ఎన్నో పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ బిడ్డలు. హుగ్లీ ఒడ్డున 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ తుపాకిమందు కార్ఖానా నడిపిన చోటే 1904లో రైఫిల్ ఫ్యాక్టరీ వెలిసింది. రెండు ప్రపంచయుద్ధాలకూ అక్కడినుంచి మార్క్ 3 రకాలు వెళ్లాయి. బ్రిటన్ రెండో యుద్ధంలో నంబర్ 4కు మారిపోయినా ఇషాపూర్, ఆస్ట్రేలియాలోని లిత్‌గో పాత నమూనానే తయారుచేస్తూ పోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఇషాపూర్ రైఫిల్ మీద కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి. రైఫిల్ మాత్రం మారలేదు.

1962 చైనా యుద్ధం తర్వాత అదే రూపంలో, మరింత గట్టి ఉక్కుతో, 7.62 మి.మీ. నాటో తూటాకు 2ఏ, 2ఏ1 రైఫిళ్లు అక్కడ తయారయ్యాయి. చాలామంది వీటిని పాత త్రీనాట్‌త్రీలకే కొత్త గొట్టం బిగించినవని అనుకుంటారు. అది పొరపాటు, ఇవి మొదటినుంచీ ఆ తూటా కోసమే చేసినవి. పౌరుల కోసం ఇషాపూర్ తయారుచేసిన .315 రైఫిల్‌లోనూ లీ బోల్టే ఉంది. సైన్యపు తూటా జనం చేతికి వెళ్లకూడదని వేరే తూటా పెట్టారు. పంట కాపలాకని, ఆత్మరక్షణకని లైసెన్సు తీసుకున్న ఇళ్లలో ఇది కనిపిస్తుంది. దాన్ని చూసి ‘మా తాతగారి త్రీనాట్‌త్రీ’ అని చెప్పుకొనేవాళ్లూ ఉంటారు.

గుర్తులు చదివే వరస

ముందుగా తుపాకీ ఖాళీగా ఉందని రూఢి చేసుకోవాలి. మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే గదిలోకి కంటితో చూసి, వేలితో తడిమి చూడాలి. అటకమీద యాభై ఏళ్లు పడున్న తుపాకీ కాబట్టి ఖాళీదే అయి ఉంటుందనుకోకూడదు.

తర్వాత చూడాల్సింది కుడివైపు. బోల్టు పిడి కింద, బట్ కర్ర మొదలయ్యే చోట ఒక ఇనుప పట్టీ ఉంటుంది. రైఫిల్ జాతకమంతా అక్కడే. పైన కిరీటం, దాని కింద రాజుగారి పొడి అక్షరాలు, తర్వాత కార్ఖానా పేరు, ఏడాది, నమూనా. ‘ఈఆర్’ అంటే 1901-1910 నడుమ ఏలిన ఏడో ఎడ్వర్డ్, ‘జీఆర్’ అంటే తర్వాతి జార్జిలు. ఇషాపూర్‌వాటిలో చాలావాటి మీద ‘జీఆర్ఐ’ ఉంటుంది. చివరి అక్షరం చక్రవర్తి అన్న హోదాకు. కార్ఖానాల్లో ఎన్‌ఫీల్డ్, బర్మింగ్‌హామ్‌కు చెందిన బీఎస్ఏ, లండన్‌కు చెందిన ఎల్ఎస్ఏ, లిత్‌గో, ఇషాపూర్ ముఖ్యమైనవి. మొదటి యుద్ధం నడిమిన ‘ఎస్ఎస్ఏ’, ‘ఎన్ఆర్ఎఫ్’ అని కొట్టినవి కొన్ని వచ్చాయి. వేరే వేరే చిన్న కంపెనీలు చేసిన భాగాలను పోగుచేసి కూర్చినవి అవి. తక్కువగా దొరుకుతాయి కాబట్టి సేకర్తలకు వాటిమీద మోజు.

నమూనా పక్కన నక్షత్రం ఉంటే అది యుద్ధకాలపు పొదుపు రూపం. 1915-16 నాటికి కందకాల్లో రైఫిళ్లు కార్ఖానాల కంటే వేగంగా ఖర్చయిపోతున్నాయి. దూరంగా ఉన్న దళాల మీద గుంపుగా కాల్చేందుకు ఎడమవైపు పెట్టిన వాలీ గురి తీసేశారు. మ్యాగజైన్‌ను మూసి ఒక్కొక్క తూటానే ఎక్కించుకునేలా చేసే కటాఫ్ పలకా పోయింది. గాలివాటానికి వెనుక గురిని పక్కకు జరుపుకొనే ఏర్పాటూ, బట్ మీద రెజిమెంటు పేరు కొట్టే ఇత్తడి బిళ్లా అదే దారి పట్టాయి. అయితే అన్నీ ఒకే రోజున పోలేదు. మిగిలిపోయిన పాత భాగాలు అయిపోయేదాకా వాడేవాళ్లు. అందుకే నక్షత్రం ఉన్న రైఫిల్‌కు కటాఫ్ గాడి కనిపించడం, బిళ్ల కోసం తొలిచిన గుంట ఖాళీగా ఉండటం మామూలే. దాన్ని లోపమనుకొని పూడ్చేస్తే 1916 నాటి కంగారును చెరిపేసినట్టే.

పట్టీ మీది ఏడాది రైఫిల్ మొత్తానికి వర్తించదు. అది ఆ ఇనుప దేహానిదే. గొట్టం అరిగితే కొత్తది బిగించేవాళ్లు కాబట్టి గొట్టానికి వేరే తేదీ ఉంటుంది. దేహం 1917, గొట్టం 1942 అని ఉంటే ఎవరో అతుకులు వేశారని అర్థం కాదు, ఆ రైఫిల్ రెండు యుద్ధాలూ చూసిందని. సమూల మరమ్మతు చేసిన కొన్నింటి మీద ‘ఎఫ్‌టీఆర్’ అనీ, ఆ ఏడాదీ కొట్టి ఉంటాయి.

వరుస నంబరు ఒక్కచోట ఉండదు. గొట్టం బిగిసే రిసీవర్ వలయం మీద, గొట్టం మీద, బోల్టు పిడి వెనుక, ముక్కు తొడుగు మీద, వెనుక గురి పలక అడుగున, ముందరి కర్ర కొస కింద చూడాలి. అన్నీ ఒకటే అయితే అదృష్టం. ముక్కు తొడుగు నంబరు కలవకపోవడం పెద్ద విషయం కాదు, ఏ ఆర్మరరో రెండు రైఫిళ్లు ఒకేసారి విప్పి ఉంటాడు. బోల్టు నంబరు కలవకపోవడం మాత్రం కాల్చే ఉద్దేశం ఉన్నవారికి హెచ్చరిక. ఎందుకో తర్వాత వస్తుంది.

ఇక సొంతదారు గుర్తులు. వెడల్పాటి బాణం బ్రిటిష్ ప్రభుత్వపు సొత్తు అని చెబుతుంది. బాణం కింద ‘ఐ’ అక్షరం ఉంటే భారత ప్రభుత్వానిది. రెండు ‘డీ’ల నడుమ బాణం ఆస్ట్రేలియా రక్షణశాఖది. రెండు బాణాలు మొన కలిపి ఎదురెదురుగా ఉంటే సైన్యం దాన్ని అమ్మేసిందని. అమ్మకానికి బ్రిటన్‌లోని ప్రూఫ్ హౌస్‌ల గుండా వెళ్లినవాటి గొట్టం మీద తూటా పొడవు 2.222 అంగుళాలు, తట్టుకున్న ఒత్తిడి 18.5 టన్నులు అని కొట్టి ఉంటుంది. ఇషాపూర్, లిత్‌గో సరుకు ఆ దారిన పోతే ‘ఇంగ్లిష్ తయారీ కాదు’ అన్న ముద్ర ఒకటి అదనంగా పడేది. సామ్రాజ్యం కోసం రెండు యుద్ధాలు చేసిన తుపాకీకి దొరబాబులు ఇచ్చిన యోగ్యతాపత్రం అది!

మోసపోయే చోట్లు

పాకిస్తాన్ వాయవ్య సరిహద్దులోని దర్రా ఆదంఖేల్ లాంటి చోట్ల చేతిపనివాళ్లు తరాలుగా లీ-ఎన్‌ఫీల్డ్ నకళ్లు చేస్తున్నారు. పనితనం చూస్తే ముచ్చటేస్తుంది, కానీ గుర్తులు పట్టిస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలు తిరగబడి ఉంటాయి, ఎన్‌ఫీల్డ్ అన్న పేరులో అక్షరం జారిపోయి ఉంటుంది, విక్టోరియా రాణి పొడి అక్షరాల కింద ఆమె పోయాక ఎన్నో ఏళ్ల తర్వాతి తేదీ ఉంటుంది. విక్టోరియా 1901లో చనిపోయింది, మార్క్ 3 పుట్టింది 1907లో. ఈ రెండు తేదీలు తెలిస్తే చాలు, సగం నకళ్లు దొరికిపోతాయి. వీటి ఉక్కు ఎలాంటిదో ఎవరూ చెప్పలేరు. గోడకు తగిలించుకోవడానికి బాగుంటాయి, కాల్చడానికి పనికిరావు.

ఇషాపూర్ 2ఏ1లో త్రీనాట్‌త్రీ తూటా వాడకూడదు, త్రీనాట్‌త్రీలో నాటో తూటా వాడకూడదు. రెండూ పక్కపక్కన పెడితే తేడా మ్యాగజైన్‌లో తెలుస్తుంది. 2ఏ1ది చదరపు పెట్టెలా ఉంటుంది, 12 తూటాలు పడతాయి. వెనుక గురి 800 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పాతవాటి గురి 2000 గజాల దాకా పోతుంది.

మరో చిక్కు .410 మస్కెట్. మొదటి యుద్ధం తర్వాత పోలీసులకు, కాపలాదార్లకు ఇవ్వడానికి పాత మార్క్ 3లను ఇషాపూర్‌లో మార్చారు. గొట్టంలో గాడులు లేకుండా నునుపు చేశారు, మ్యాగజైన్ చోట చెక్క ముక్క బిగించి ఒకటే తూటా పట్టేలా చేశారు. దూరం పోదు, వేగంగా కాల్చలేరు, సైన్యపు తూటా దొంగిలించినా ఇందులో పనికిరాదు. వలస పాలకులు తమ కింది పోలీసును ఎంత నమ్మారో ఆ చెక్క ముక్కే చెబుతుంది. పైనుంచి చూస్తే మాత్రం అచ్చం త్రీనాట్‌త్రీ.

గొట్టం ముందుభాగాన కర్రమీద తీగ చుట్టి టంకం వేసి ఉంటే, గొట్టం కొసకు గిన్నె బిగించి గ్రెనేడ్లు విసరడానికి వాడిన రైఫిల్ అది. ఆ అదురుకు కర్ర పగలకుండా తీగ కట్టారు. తీగను ఎవరో పల్లెటూరి వడ్రంగి చుట్టాడనుకొని విప్పేసినవాళ్లున్నారు. ‘డీపీ’ ముద్ర, తెల్ల పట్టీలు ఉంటే డ్రిల్ రైఫిల్. ఎన్‌సీసీలో చేసినవారికి అలవాటైన డీపీ అదే. వాడకానికి పనికిరాదని పక్కన పెట్టిన భాగాలతో కూర్చినవి కాబట్టి వాటిని మళ్లీ కాల్చే స్థితికి తేవాలని చూడటం ప్రాణాలతో చెలగాటం.

ఇంట్లో దొరికితే

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం త్రీనాట్‌త్రీ నిషేధిత బోరు. మామూలు లైసెన్సు దీనికి సరిపోదు. పాత ఇల్లు పడగొడుతున్నప్పుడో, పెద్దాయన పోయాక బీరువా వెనుకో ఇలాంటిది బయటపడితే, దాన్ని తుడిచి ముస్తాబు చేయడం కాదు చేయాల్సింది. దగ్గరి పోలీస్ స్టేషన్‌కు తెలిపి అప్పగించాలి. లైసెన్సుదారు చనిపోయిన సందర్భాల్లో ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమచేయాలని ఆ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. 45వ సెక్షన్‌లో పాత నమూనా ఆయుధాలకు, పురావస్తు విలువ ఉన్నవాటికి ఒక మినహాయింపు ఉన్నమాట నిజమే. కాకపోతే మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే అవకాశమే లేనివాటికే అది. త్రీనాట్‌త్రీ తుప్పు పట్టినంత మాత్రాన ఆ మినహాయింపులోకి రాదు.

అందుకే ఇక్కడ పాత రైఫిళ్లను బాగుచేసే పని మ్యూజియంలకు, రెజిమెంటు కేంద్రాలకు, పోలీసు ఆయుధాగారాలకు పరిమితం. వ్యక్తులు సరదాగా చేసేది బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో, అక్కడి లైసెన్సులకు లోబడి. బ్రిటన్‌లో 1988 చట్టం తర్వాత ప్రూఫ్ హౌస్ సర్టిఫికెట్‌తో పేలకుండా చేసిన రైఫిళ్లను ప్రదర్శనకు ఉంచుకొనే వీలు కలిగింది. అమెరికాలో యాభై ఏళ్లు దాటిన తుపాకుల సేకర్తలకు ప్రత్యేక లైసెన్సుంది. 1950లు, 60లలో అక్కడికి, కెనడాకు ఈ రైఫిళ్లు ఓడల కొద్దీ చేరాయి, చవగ్గా అమ్ముడుపోయాయి. జింకల వేటకు బరువనిపించి జనం ముందరి కర్రను సగానికి కోసేశారు, ముక్కు తొడుగు పారేశారు. ఇప్పుడు అక్కడ పునరుద్ధరణ అంటే చాలావరకు ఆ కోతను సరిదిద్దడమే. పాత కర్ర, పట్టీలు, తొడుగు ఒక్కొక్కటే వెతికి తెచ్చి మళ్లీ నిండు రూపం ఇవ్వడం. కోసినది తిరిగి తొడగడంలో తప్పేమీ లేదు. కోయనిదాన్ని కొత్తదిలా మెరిపించడంలోనే ఉంది చిక్కంతా.

విప్పే వరస

విప్పకముందు అన్ని వైపులా, ప్రతి గుర్తుకూ ఫొటోలు తీసుకోవాలి. తర్వాత సరైన స్క్రూడ్రైవర్లు. ఎన్‌ఫీల్డ్ స్క్రూల మర తీరు దాని సొంతం, పోతే బజార్లో దొరకదు. గాడిలో సరిగ్గా ఇమిడే అంచు లేకుండా తిప్పితే తల చెడుతుంది. కదలనిదానికి నూనె పోసి ఒక రాత్రి వదిలేయడమే మార్గం.

మ్యాగజైన్, బోల్టు ముందు. బోల్టును వెనక్కి లాగి, దాని తలను పట్టాలోంచి పైకి లేపితే ఊడొస్తుంది. ఆ తర్వాత ముక్కు తొడుగు, పట్టీలు, పైకర్ర. ట్రిగ్గర్ గార్డు స్క్రూలు తీశాక ముందరి కర్ర కిందికి దిగుతుంది. ముందు స్క్రూ చుట్టూ ఉండే చిన్న లోహపు గొట్టం ఈ దశలోనే జారి ఎక్కడికో పోతుంది. అది లేకుండా మళ్లీ బిగిస్తే కర్ర నలుగుతుంది. ఇషాపూర్ రైఫిళ్లలో ముందరి కర్రకు అడ్డంగా ఒక మర కనిపిస్తే అది తర్వాత పగుళ్లు రాకుండా వేసిన బలం, ఉండనివ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది బట్ కర్ర. దాన్ని పట్టి ఉంచేది లోపలి పొడవాటి బోల్టు. దాని చదరపు కొస ముందరి కర్ర వెనుక భాగంలోని పలకలో ఇరుక్కొని ఉంటుంది, సడలిపోకుండా. ముందరి కర్ర తీయకుండా వెనుకనుంచి ఆ బోల్టు తిప్పితే చదరపు కొస కర్రను లోపలినుంచి చీలుస్తుంది. వందేళ్లు నిలిచిన కర్ర అర నిమిషంలో పగులుతుంది. బట్ ఊగుతోందని స్క్రూడ్రైవర్ పట్టుకొని మొదట అక్కడికే పోయినవారు పగలగొట్టిన రైఫిళ్లు కొల్లలు. ముందరి కర్ర దించాకే బట్ జోలికి పోవాలి.

కర్ర

దాచిపెట్టేముందు సైన్యం పూసిన గ్రీజు, దశాబ్దాల చేతి మురికి, నూనె కలిసి కర్ర నల్లబడి ఉంటుంది. అది అక్రోటో, లిత్‌గో వాడిన కోచ్‌వుడ్డో కూడా మొదట తెలియదు. గ్రీజును కిరోసిన్ లాంటి ద్రావకంతో పైపైన తుడిచి, వేడికి లోపలి నూనె ఊరేలా చేసి, సుద్దపొడి పట్టించి పీల్పించాలి. నల్లటి సంచిలో పెట్టి ఎండలో ఉంచితే మన ఎండలకు ఆ పని తేలిగ్గా అవుతుంది. ఘాటు క్షారాలు, బ్లీచింగు వాడితే కర్ర పీచు లేస్తుంది. గరుకు కాగితం అసలు వద్దు. బట్ పక్కన కార్ఖానా ముద్ర, మరమ్మతు ముద్రలు, పైన ‘ఎస్’ లేదా ‘ఎల్’ అన్న పొట్టి, పొడవు గుర్తులు అర మిల్లీమీటరు లోతున కూడా ఉండవు. రెండు రుద్దులకు పోతాయి. పైగా కర్ర లోహంతో సమంగా కలిసే అంచు పల్లమవుతుంది. ఎరిగినవాళ్లు మొదట చూసేది ఆ అంచునే.

నొక్కుకుపోయిన చోట తడిగుడ్డ పరిచి వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి పీచు ఉబ్బి పైకి లేస్తుంది. గాటు పడి పీచు తెగిన చోట లేవదు, దాన్ని అలాగే వదిలేయడం మంచిది. సిపాయి మేకుతోనో కత్తితోనో చెక్కుకున్న అక్షరాలు ఉంటే అవి చరిత్రలో భాగమే.

పూత అవిసె నూనె. సైన్యం వాడింది పచ్చి నూనె, మెరుపు వార్నిష్ కాదు. అరచేతిలో కొద్దిగా వేసుకొని వేడి పుట్టేదాకా రుద్ది, మిగిలింది తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ రుద్దాలి. వారాలు పడుతుంది. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు. ఆరే నూనె వేడి పుట్టించి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచడమో, విప్పి ఆరవేయడమో చేయాలి.

ఇనుము

ఎర్ర తుప్పుకు ఉక్కుబ్రష్షు, తిరిగే పాలిష్ చక్రం సులువైన దారులు. రెండూ గుర్తుల అంచులను గుండ్రం చేస్తాయి. ఓపికున్న దారి వేడినీళ్లది. తుప్పు పట్టిన భాగాన్ని శుభ్రమైన నీళ్లలో మరిగిస్తే ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ నల్లటి మాగ్నెటైట్‌గా మారుతుంది. పైన నల్లని మసిలా లేచినదాన్ని నూనెలో తడిపిన అతిసన్నని ఉక్కుపీచుతో తీసేస్తే అడుగున పాత నీలిపూత మిగిలిన మేరకు బయటపడుతుంది. పూర్వం తుపాకీ పనివాళ్లు నీలిపూత వేసిన పద్ధతికీ ఇదే మూలసూత్రం. లోతుగా గుంటలు పడిన చోట గుంటలు పోవు. వాటిని అరగదీసి నునుపు చేస్తే ఇనుము తగ్గుతుంది, నంబరు పోతుంది.

ఇషాపూర్ తర్వాతికాలపు రైఫిళ్లలో చాలావాటికి నల్లటి ఎనామిల్ రంగు ఉంటుంది. అది ఎవరో ఇంట్లో పూశారనుకొని గీకేస్తారు. కార్ఖానా పూతే అది. బజారులో సీసాల్లో దొరికే చల్ల నీలిపూత ద్రావకాలు స్క్రూ తల మీదికి సరే. మొత్తానికి పూస్తే మచ్చలు మచ్చలుగా, వాసనతో సహా తెలిసిపోతుంది. ఉన్నదాన్ని నిలిపి, కొత్త తుప్పు రాకుండా చూడటమే మేలైన పని.

గొట్టం లోపల సంగతి వేరు. పాత సైనిక తూటాల క్యాపుల్లోని రసాయనం పేలాక పొటాషియం క్లోరైడ్ ఉప్పును మిగులుస్తుంది. అది గాలిలో తేమ పీల్చి ఉక్కును తింటుంది. నూనె ఆ ఉప్పును కరిగించలేదు, నీళ్లే కరిగిస్తాయి. సిపాయిలు గరాటాతో గొట్టంలో సలసల కాగే నీళ్లు పోసింది ఇందుకే. ఆ తర్వాత బట్ గుంటలో దాచుకున్న తాడు కొసకు గుడ్డ కట్టి లాగి, ఇత్తడి నూనెసీసాలోంచి ఒక చుక్క వేసేవాళ్లు. ఆ తాడే ఏళ్ల తరబడి ఒకే పక్క ఒరుసుకొని గొట్టం మూతిని అరగదీసిన రైఫిళ్లూ ఉన్నాయి. లోపల గాడులు పదునుగా ఉండి మూతి దగ్గర కోడిగుడ్డులా సాగి ఉంటే కారణం తూటాలు కాదు, శుభ్రత.

కాల్చవచ్చా?

చట్టం అనుమతించిన చోట కూడా దీనికి జవాబు కొలతతోనే వస్తుంది, చూపుతో రాదు. త్రీనాట్‌త్రీ తూటాకు అడుగున పెదవిలాంటి అంచుంటుంది. ఆ అంచు గొట్టం అంచుకు ఆని నిలుస్తుంది. బోల్టు మూసినప్పుడు దాని ముఖానికీ గొట్టానికీ మధ్య ఆ అంచుకు దొరికే చోటు 0.064 అంగుళానికి తగ్గకూడదు, 0.074కు మించకూడదు. చిన్న కొలతబిళ్ల మీద బోల్టు మూసుకోవాలి, పెద్దదాని మీద మూసుకోకూడదు. చోటు ఎక్కువైతే ఇత్తడి తొడుగు సాగి అడుగున తెగుతుంది, వేడి వాయువు వెనక్కి తంతుంది. నంబరు కలవని బోల్టు ప్రమాదమన్నది ఇందుకే. పైగా బోల్టు తల మరతో బిగించేది కావడంతో ఒకదానిది మరొకదానికి తేలిగ్గా మారిపోతుంది. కొలత తేల్చాల్సింది అర్హత ఉన్న తుపాకీ పనివాడే.

కొలత కుదిరినా గురి కుదరడం కర్ర మీద ఆధారపడుతుంది. తుపాకీ తన్నినప్పుడు రిసీవర్ వెనక్కి ఆనేది ముందరి కర్రలోని రెండు చిన్న ముఖాల మీద. నూనె తాగి మెత్తబడినా, ఎండి కుంచించుకుపోయినా అవి వదులై తూటా ఒకచోట పడదు. కోచ్‌వుడ్ మెత్తన కాబట్టి లిత్‌గోవాళ్లు అక్కడ రాగి పలకలు పెట్టారు. కొస దగ్గర ఒక చిన్న స్ప్రింగు, దాని మీద మేకులాంటి ముక్క గొట్టాన్ని పైకి నెడుతూ ఉంటాయి. వేటగాళ్లు కర్ర కోసినప్పుడు పోయేది ఈ ఒత్తిడే. అందుకే కొత్తగా కర్ర తొడిగినప్పుడు పైరూపం అచ్చంగా కుదిరినా గురి ఆడటానికి నెలలు పట్టవచ్చు.

వెతికి తెచ్చిన భాగాల విషయంలో ఒక నియమం పాటించాలి. ఆ కాలపువి, ఆ కార్ఖానావి పెట్టడం సబబే. వాటి మీద పాత నంబరు కొట్టేసి రైఫిల్ నంబరు కొట్టడం మాత్రం నకలు చేయడమే. నంబర్లు కలిసిన రైఫిల్‌కు బజారులో ధర ఎక్కువ కనుక ఆ పని చేసేవాళ్లకు కొదవలేదు. కొత్త అంకెల అంచులు పదునుగా, చుట్టూ లోహం ఉబ్బి ఉంటుంది. భూతద్దం పెడితే తెలిసిపోతుంది.

పని పూర్తయ్యాక

తోలు, కాన్వాసు సంచుల్లో దాచకూడదు. అవి తేమ పట్టి ఉంచుతాయి. కోస్తా ఊళ్లలో ఉప్పుగాలికి తోడు వానాకాలపు చెమ్మ కలిస్తే నూనె పూసిన ఉక్కుకు కూడా నెల తిరగకుండా మచ్చ వస్తుంది. గాలి ఆడే బీరువాలో నిలువుగా, గొట్టం మూతి కిందికి ఉండేలా పెడితే నూనె బట్ కర్రలోకి కారదు. చేత్తో తాకిన ప్రతిసారీ ఇనుమును నూనెగుడ్డతో తుడవాలి, వేళ్ల చెమటలోనూ ఉప్పే ఉంది. స్ప్రింగులను సడలించి ఉంచాలి. బోల్టును వేరే తాళంలో దాచడం చాలా ఆయుధాగారాల ఆనవాయితీ.

చివరిగా ఒక కాగితం. విప్పకముందు తీసిన ఫొటోలు, కనిపించిన ప్రతి ముద్ర, ఏ భాగం అసలుది, ఏది తర్వాత తెచ్చింది, ఏ నూనె, ఏ ద్రావకం ఎప్పుడు వాడారు, కొలతలు ఎంత వచ్చాయి అన్నీ తేదీలతో రాసి రైఫిల్ నంబరుతో దస్త్రంలో పెట్టాలి. మ్యూజియంలలో ఇది తప్పనిసరి. సొంత సేకరణల్లో ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఇదే. ఇరవై ఏళ్ల తర్వాత అదే రైఫిల్ మరొకరి బల్ల మీద విప్పినప్పుడు, ముక్కు తొడుగు నంబరు ఎందుకు కలవలేదో వాళ్లు ఆ కాగితంలో చూసుకుంటారు.